ఆరేళ్లకే టీవీ ముసలిదైపోతే ఎలా?

ప్రశ్న: ఆరేళ్ల కిందట కొన్న స్మార్ట్ టీవీలో సినిమాల యాప్ 'ఈ టీవీలో ఇకపై పనిచేయదు' అంటోంది. తెర బాగానే ఉంది. తెలిసినవాళ్లు వాట్సాప్‌లో యాప్ ఫైలు పంపారు. వేసుకోవచ్చా? – ఏలూరు పాఠకురాలు

జవాబు: వేయకండి. ఈ ప్రశ్న రాని వారం లేదు. ఆ ఫైలు ఎక్కాలంటే ముందు సెట్టింగ్స్‌లో 'తెలియని సోర్సులు' ఆన్ చేయాలి. ఆన్ చేసినవాళ్లు గుర్తుపెట్టుకుని ఆఫ్ చేయడం నేను చూడలేదు. టీవీ రాత్రీపగలూ వైఫైకి అతుక్కునే ఉంటుంది. మీరు బ్యాంకు పనులు చేసే ఫోనూ అదే వైఫై మీద ఉంటుంది. ఇలాంటి యాప్‌ల చాటున దూరిన మాల్‌వేర్ (హానిచేసే సాఫ్ట్‌వేర్), ఇంటి నెట్‌ను పరాయివాళ్ల మోసాలకు దొడ్డిదారిగా మార్చిన ఉదంతాలు బయటపడ్డాయి. మీకు మాత్రం సినిమా చక్కగా ఆడుతూనే ఉంటుంది. యాప్‌లను తానే నడిపే చిన్న పరికరం, పేరున్న స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి టీవీ హెచ్‌డీఎంఐ సాకెట్‌కి పెట్టుకోండి. టీవీని వైఫై నుంచి తీసేయండి.

నా కోపం మీ మీద కాదండీ, నిక్షేపంలాంటి టీవీని ఇలా మూలన పడేయించే పద్ధతి మీద.

రంగుల టీవీ వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. 1928లోనే లండన్‌లో టీవీ ఆవిష్కర్తల్లో ఒకడైన బెయిర్డ్, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లున్న చిల్లుల చక్రం తిప్పి రంగుల బొమ్మ చూపించాడు. అమెరికాలో సీబీఎస్ అనే టీవీ సంస్థ 1951 జూన్ 25న మొదలెట్టిన రంగుల ప్రసారమూ చక్రం మీదే నడిచింది. తెర ముందు ఆ చక్రం నిమిషానికి 1440 చుట్లు తిరగాలి. రంగులు బాగుండేవి. కానీ అప్పటికే ఇళ్లలో ఉన్న కోటికి పైగా నలుపు తెలుపు టీవీల్లో ఆ ప్రసారం కనీసం నలుపు తెలుపులోనైనా కుదురుగా కనిపించదు. అక్టోబరుకల్లా ఆపేశారు.

1953 డిసెంబరులో ఆమోదం పొందిన పద్ధతి వేరు. వెలుగునీడల సిగ్నల్‌ను పాత టీవీలకు అందేలా అలాగే ఉంచి, రంగును దాని సందుల్లో ఇమిడ్చారు. రంగు సిగ్నల్ శబ్దంతో కలిసి తెర మీద గీతలు చుక్కలు వేయకుండా, సెకనుకు 30 ఫ్రేములను 29.97కి తగ్గించారు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికీ కనిపించే ఆ వింత అంకె పాత టీవీల కోసం పడిన ఆ శ్రమే.

మన దేశం తీసుకున్న పాల్ (PAL) అనే రంగుల ప్రసార పద్ధతిదీ అదే దారి. 1982 ఆగస్టు 15న దూరదర్శన్ రంగుల్లోకి మారితే, బ్లాక్ అండ్ వైట్ పెట్టె ఉన్న ఇంట్లోనూ అదే ప్రసారం నలుపు తెలుపులో వచ్చింది. పనిచేయదన్న బోర్డు ఏ తెర మీదా పడలేదు.

ఈసారి టీవీ కొనేటప్పుడు అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో బిల్లు మీద రాసివ్వమని అడగండి.