అమెరికా నుంచి వచ్చిన బేబీ స్వింగ్ రీకాల్ అయిందట, పాపకి వాడొచ్చా?

మీ తోటికోడలు డల్లాస్ నుంచి వాళ్ళ పిల్లలకి వాడిన మామారూ అనే ఊగే సీటు, అదే బేబీ స్వింగ్ పంపించారు, అది అక్కడ రీకాల్ అయిందని, అంటే ప్రమాదముందని కంపెనీయే వెనక్కి పిలిచిందని ఎవరో అన్నారు, ఎనిమిది నెలల పాపకి వాడొచ్చా, లేక ఇంట్లో చీర ఉయ్యాలే మేలా అని కదండీ మీరు అడిగింది.

ముందు స్వింగ్ సంగతి. బెల్ట్ చూడండి. 2022 ఆగస్టులో అమెరికాలో రీకాల్ చేసినవి మూడు పాయింట్ల బెల్ట్ ఉన్న 1.0 నుంచి 4.0 వరకు వెర్షన్ల మామారూలు, అదే కంపెనీ (ఫోర్‌మామ్స్, 4moms) వాళ్ళ రాకారూ అనే స్వింగ్‌లు. భుజాల మీదుగా కూడా పట్టీలు వచ్చే ఐదు పాయింట్ల బెల్ట్ అయితే ఆ రీకాల్‌లో లేదు. అక్కడ మామారూలే దాదాపు 20 లక్షలు అమ్ముడయ్యాయి కాబట్టి మన వైపు పెట్టెల్లో ఒకటీ అరా రావడంలో వింత లేదు.

ఎందుకు వెనక్కి పిలిచారో మాత్రం తెలుసుకోండి, ఎందుకంటే అది అచ్చంగా మీ పాప వయసు పిల్లల విషయం. సీటులో కూర్చున్న బిడ్డకి ఏమీ కాలేదు. సీటు ఖాళీగా ఉన్నప్పుడు పట్టీలు కిందకి వేలాడేవి, నేల మీద పాకుతూ వచ్చిన పిల్లల మెడకి అవి చుట్టుకున్నాయి. పది నెలల బిడ్డ ప్రాణం పోయింది. అదే వయసు బిడ్డ ఇంకొకరు మెడ కమిలి, పెద్దవాళ్ళు చూసి తీయబట్టి బతికారు. ఈ వయసులో తల బరువు, మెడ లేత. ఒకసారి పట్టీ మీద వాలితే తల వెనక్కి తీసుకునే బలం ఉండదు. గొంతు నొక్కుకుంటే ఏడుపు కూడా బయటికి రాదు, అందుకే పక్కగదిలో ఉన్నవాళ్ళకి తెలియదు.

ఆ పట్టీలు వేలాడకుండా పట్టి ఉంచే చిన్న ఫాస్టెనర్ కంపెనీ ఉచితంగా ఇస్తామంది. మీ తోటికోడలిని మోడల్ నంబర్‌తో వాళ్ళకి రాయమనండి, నంబరు అడుగుభాగంలో ఉంటుంది. దొరికితే ఎవరైనా ఊరికి వచ్చేటప్పుడు పంపిస్తారు. అంతవరకు స్వింగ్‌ని అటకెక్కించండి. పాకే పిల్లలున్న చోట దాన్ని ఉంచొద్దనే రీకాల్‌లోనూ చెప్పారు. దొరక్కపోతే ఇంకొకరికి మాత్రం ఇచ్చేయకండి.

రీకాల్ నోటీసు కొన్నవాళ్ళకి వెళుతుంది, లేదా అక్కడి వార్తల్లో వస్తుంది. చాక్లెట్లు, చిన్నబట్టల మధ్య పెట్టెలో దిగిన వస్తువుతో పాటు అది రాదు కదా. మా ఆడపడుచు న్యూజెర్సీ నుంచి ఏది పంపినా నేను ముందు అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంస్థ, అదే సీపీఎస్సీ సైట్‌లో పేరు కొట్టి చూస్తాను. ఒక ఊగే కుర్చీ అలాగే పట్టుబడింది. ఇక్కడ కొన్నవాటికైతే ఇలా చూసుకునే వీలు తక్కువ. బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. 2019 వినియోగదారుల చట్టం కింద ప్రమాదకరమైన సరుకుని వెనక్కి తెప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ఉంది, ఫిర్యాదు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయొచ్చు. కానీ భీమవరంలో ఒక షాపులో రీకాల్ గురించి అడిగితే, "బిల్లుంటే మార్చిస్తామండి, ఆయ్" అన్నాడు!

ఇక చీర ఉయ్యాల. మేలా అంటే, అందులో పడుకున్న పసిబిడ్డ కంటే ఖాళీ ఉయ్యాలతో ఆడే ఆరేడేళ్ళ పిల్లల గురించే నాకు ఎక్కువ టెన్షన్. అందులో కూర్చుని గిరగిరా తిరుగుతారు. చీర మెలిపడి, పైనుంచి తాడులా బిగుసుకుంటూ మెడ దాకా దిగుతుంది. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింటికి పిల్లలు చేరతారు, పెద్దవాళ్ళు భోంచేసి కునుకు తీస్తారు, సరిగ్గా అప్పుడే. పాలకొల్లు దగ్గర మా పుట్టింట్లో మా అన్నయ్య కొడుక్కి ఇదే జరిగింది. కొబ్బరికాయలు దింపడానికి వచ్చినతను కిటికీలోంచి చూసి, పరిగెత్తుకొచ్చి చేతిలో కత్తితో చీర కోసేశాడు. వాడికి ఏమీ కాలేదు. అప్పటినుంచి మా రెండిళ్ళలోనూ బిడ్డని తీయగానే చీర ఎత్తి పైన కొక్కేనికి ముడేస్తాం, పిల్లలకి అందనంత ఎత్తున. దులపడానికో ఉతకడానికో తప్ప మధ్యలో దింపం.

పాత కర్ర ఉయ్యాల ఉంటే బద్దీల మధ్య సందు కొలవండి. అమెరికా నియమం ప్రకారం అది 6 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే ఒళ్ళు జారిపోయి తల ఇరుక్కుంటుంది. నిద్రకి మాత్రం స్వింగూ వద్దు, చీరా వద్దు. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి దోమతెర వేయండి, తెర తాళ్ళు పాప చేతికి అందకూడదు.

మీరు అడగలేదు గానీ, పాప మెడలో నల్లతాడు ఉందా? మా అత్తగారు తాయెత్తు కట్టి మెడలో వేస్తానంటే పెద్ద చర్చే జరిగింది. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, అదే ఎఫ్‌డీఏ, పళ్ళు వచ్చే పిల్లలకి వేసే పూసల దండల గురించి హెచ్చరిస్తూ, నిద్రలో అలాంటి దండే మెడకి బిగుసుకుని పద్దెనిమిది నెలల బిడ్డ చనిపోయిన సంగతి చెప్పింది. ఆవిడకి అదే చదివి వినిపించాను. "మెడలో ఉంటేనే దిష్టి పోతుందా, కాలికి కడితే పోదా?" అని ఆవిడే తేల్చేశారు. తాయెత్తు మొలతాడుకి చేరింది, నల్లదారం కాలికి చేరింది.

పెట్టెలో టోపీ ఉన్న స్వెటర్లేమైనా వస్తే మెడ దగ్గర లాగే తాడు తీసి పారేయండి. జారుడుబల్లకి అవి తగులుకుంటాయని అమెరికాలో 1996లోనే పిల్లల బట్టల్లో వద్దన్నారు. మన ఉక్కలో అవి వేసేదెప్పుడు లెండి, సంక్రాంతి తెల్లవారుజాము తప్ప. అపార్ట్‌మెంట్ అయితే కిటికీ బ్లైండ్ల తాడు కూడా పైకి చుట్టి కట్టండి, మంచం దాని పక్కన వేయకండి. ఇలాంటి తాళ్ళ వల్లే 2009లో అక్కడ దాదాపు 5 కోట్ల బ్లైండ్లు రీకాల్ చేశారు.

మీ స్వింగ్ అడుగున స్టిక్కర్, బెల్ట్ రెండూ కనబడేలా ఫొటో పెట్టండి, రీకాల్‌లో ఉందో లేదో చూసి చెబుతాను.