ప్రణాళిక వేరు, రూపకల్పన వేరు

సందేహం: కార్పొరేషన్‌కు ఇచ్చే అర్జీలో మా కాలనీవాళ్లం ‘స్పేషియల్ ప్లానింగ్’కూ ‘డిజైన్’కూ ప్రణాళిక అనే రాశాం. ఒక్క మాట చాలదా? ‘ప్రణాళిక విభాగం’ అనాలా, ‘ప్రణాళికా విభాగం’ అనాలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: చాలదు. ఏది ఎక్కడుండాలో తేల్చేది ప్రణాళిక. అక్కడ అది ఎలా ఉండాలో తేల్చేది రూపకల్పన. మూడు సెంట్ల స్థలమే తీసుకోండి: 27 అడుగుల వెడల్పు, 48.4 అడుగుల పొడవు, అంటే 145.2 గజాలు. ఇలాంటి స్థలాలు వరుసకు ఎన్ని, నడుమ రోడ్డు ఎంత, కాలువ హంద్రీ నది వైపు పారాలా వేరే వంకలో కలవాలా అన్నదంతా ప్రణాళిక. ఇంటికి మెట్లెన్ని, అరుగు ఎత్తెంత, పాత మట్టిమిద్దె అయితే వెలుతురు కోసం పైకప్పులో వదిలే గవాచి ఎక్కడ అన్నది రూపకల్పన.

మొదటిది తప్పితే రెండోది ఆదుకోలేదు. వీధి కాలువకు వంద అడుగులకు అరడుగు వాలు పెట్టారనుకోండి, నీళ్లు సాగిపోతాయి. వాలు తగ్గేకొద్దీ మట్టి పేరుకుంటుంది. దాంతో ఎవరికి వారు ఇల్లు ఎత్తు చేసుకుని, మెట్లు కాలువ మీదికి జరుపుతారు. పూడిక తీయడానికి పార దూరదు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు పోస్తే ఇళ్లే పల్లమవుతాయి. అప్పుడు ఎంత ముచ్చటైన గుమ్మమైనా వాననీటికి స్వాగతతోరణమే.

సంస్కృతంలో ‘ప్రణాళి’ అంటే నీళ్లు పోయే కాలువ, తూము. కాలువ మరిచిన లేఅవుటుకు ప్రణాళిక ఉందనడం ఆ మాటకే అన్యాయం.

ఇక దీర్ఘం. ‘ప్రణాళికా’ సంస్కృతంలో ఆకారాంతం, అంటే ‘ఆ’తో ముగిసే మాట. పక్కన సంస్కృత పదమే వచ్చి సమాసమైతే దీర్ఘం నిలుస్తుంది: ప్రణాళికా విభాగం, 1950 నాటి ప్రణాళికా సంఘం. విడిగా వాడినా, సంస్కృతం కాని మాట పక్కన చేరినా హ్రస్వమే: ప్రణాళిక వేశారు, ప్రణాళిక ఖర్చు. కాగితం మీది బొమ్మను మాత్రం హాయిగా ‘ప్లాను’ అనండి. ప్లాను గీయిస్తాం, ప్రణాళిక వేస్తాం.

‘స్పేషియల్’కు ‘ప్రాదేశిక’ అంటే మనవాళ్లకు ఎంపీటీసీ (మండల పరిషత్ ప్రాదేశిక నియోజకవర్గం) ఎన్నికలు గుర్తొస్తాయి. ‘విన్యాసం’ అంటే అమర్చడమే గానీ, ఇప్పుడది సర్కసువాళ్ల సొత్తు. నా ఓటు ‘స్థల ప్రణాళిక’కే.

అర్జీలో ఇలా రాయండి: ‘మా కాలనీ స్థల ప్రణాళికలో ముందు కాలువ వాలు సరిచేసి, ఆ తర్వాతే మూతల రూపకల్పన చేపట్టవలసిందిగా కోరుతున్నాం.’