బాబు పేరున మొక్క నాటండి, అప్పు చేసి మాత్రం వద్దు

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెందుర్తి దగ్గర సొంతిల్లు. నా వయసు 36. పరవాడలో ఫార్మా ఉద్యోగం, చేతికి 58,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 19,000, ఇంటి ఖర్చులు 27,000. నాలుగేళ్ల క్రితం పాప పుట్టినప్పుడు పెరట్లో మామిడి అంటు నాటాం. ఈ ఏడాది తొలి పూత వచ్చింది. రెండు నెలల క్రితం బాబు పుట్టాడు. రాజస్థాన్‌లో ఒక ఊళ్లో ఆడపిల్ల పుడితే 111 మొక్కలు నాటతారని చదివాక, వీడి పేరున కాస్త పెద్దగా చేయాలనిపించింది. సబ్బవరం వైపు ఒక వెంచర్‌లో 40 ఎర్రచందనం మొక్కలతో ఫామ్ ప్లాట్ 6.5 లక్షలకు ఇస్తున్నారు. ఇరవై ఏళ్లకు ఒక్కో చెట్టు లక్షలు పలుకుతుందని, బాబు చదువుకి ఢోకా ఉండదని ఏజెంట్ అంటున్నాడు. మా ఆవిడ నగల మీద 3 లక్షలు, పర్సనల్ లోన్ 3.5 లక్షలు తీసుకుందామనుకుంటున్నాను. టోకెన్‌గా 10,000 ఇచ్చాను. బ్యాంకులో 70,000 ఉన్నాయి. ఇన్సూరెన్స్ అంటే కంపెనీ ఇచ్చిందే. కొనమంటారా?

జవాబు: వద్దండి. పాప చెట్టుకి పూత వచ్చిందన్న మాట చదివి సంతోషం వేసింది. ఆ తర్వాత వాక్యాలు చదువుతుంటే టెన్షన్ మొదలైంది. బిడ్డ పుట్టగానే తల్లిదండ్రుల మనసు మెత్తబడుతుంది, వాడికి ఏదో ఒకటి చేయాలని తపన పడుతుంది. ప్లాట్లు అమ్మేవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు. మీలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి కాబట్టే దీనికి వివరంగా రాస్తున్నాను.

ముందు మీ లెక్కే చూద్దాం. ఖర్చులన్నీ పోను మీకు నెలకు మిగిలేది 12,000. పర్సనల్ లోన్ 15 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 8,300 దాటుతుంది. గోల్డ్ లోన్‌కి 10 శాతం అనుకున్నా నెలకు వడ్డీయే 2,500. రెండూ కలిపి 10,800 పైమాటే. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో నెలాఖరుకి మిగిలేది 1,200 కూడా కాదు. ఇంత కట్టినా నగల అసలు 3 లక్షలు తీరదు, అలాగే ఉంటుంది. బాబుకి ఒక్క రాత్రి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆ నెల గోల్డ్ లోన్ వడ్డీ కట్టడం ఆగిపోతుంది. అలా కొన్ని నెలలు ఆగితే నగలు వేలానికి వెళ్తాయి. ఇరవై ఏళ్ల తర్వాత వస్తుందో రాదో తెలియని కలప కోసం బాలింత మెడలోంచి బంగారం తీయడం నాకు అస్సలు నచ్చలేదు. ఇంత కచ్చితంగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి.

ఎర్రచందనం గురించి ఏజెంట్ చెప్పని సంగతులు రెండున్నాయి. ఆ చెట్టు విలువంతా చేవలో, అంటే మాను మధ్యలోని గట్టి కలపలో ఉంటుంది, పై చెక్కకి ధర లేదు. శేషాచలం లాంటి రాళ్ల కొండల మీద, ఎండు నేలల్లో పెరిగే చెట్టు అది. చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఇక సొంత పొలంలో పెంచినదైనా సరే, కొట్టాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాల్సిందే. 1990లలో టేకు మొక్కల పేరుతో ఇలాగే డబ్బులు వసూలు చేసిన కంపెనీలు చాలా మూతపడ్డాయి. జనం దగ్గర డబ్బు పోగుచేసి తామే పెంచి లాభం పంచుతామనే పథకాలకి 1999లో పెట్టుబడి మార్కెట్లను నియంత్రించే సెబీ నిబంధనలు తెచ్చింది. మీ వెంచర్ వాళ్లు అలాంటి హామీ ఇస్తుంటే సెబీ రిజిస్ట్రేషన్ చూపించమనండి. లేఅవుట్‌కి వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఆమోదం ఉందో లేదో కూడా అడగండి.

మీరు చదివిన ఊరు పిప్లాంత్రి, రాజ్‌సమంద్ జిల్లాలో ఉంది. అప్పటి సర్పంచ్ శ్యామ్‌సుందర్ పాలీవాల్ చనిపోయిన తన కూతురి జ్ఞాపకంగా మొదలుపెట్టిన పని అది. 2021లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 111 మొక్కల మాట అందరికీ గుర్తుంటుంది కానీ, రెండో సగం చాలామందికి తెలియదు. అక్కడ ఊరివాళ్లు 21,000, తల్లిదండ్రులు 10,000 వేసి, మొత్తం 31,000 ఆ పాప పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తారు. చెట్టు చెట్టే, డబ్బు డబ్బే. పాపకి కావాల్సిన సొమ్ము కోసం వాళ్లు చెట్టు వైపు చూడలేదు.

ఇక మీ దగ్గర అసలు లేనిది చెబుతాను. అత్యవసర నిధి. నేను పుట్టినప్పుడు మా నాయనమ్మ కంచరపాలెం ఇంట్లో ఒక మామిడి మొక్క నాటింది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఆ చెట్టు వేళ్లతో సహా లేచి ప్రహరీ మీద పడింది. గోడ కూలింది, దాని పక్కనున్న స్కూటర్ నలిగిపోయింది. ఊరంతా పడిపోయిన చెట్లే కాబట్టి ఆ కలప తీసుకెళ్లేవాడే లేడు. రంపం మిషన్ వాళ్లు నాలుగో రోజుకి వచ్చి, మా చెట్టు నరికినందుకు మా దగ్గరే 6,000 తీసుకున్నారు. గోడ కట్టడానికి ఇంకో 40,000 అయింది. కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పాల ప్యాకెట్ కోసం క్యూలు కట్టాం. మా అమ్మ బియ్యం డబ్బాలో దాచిన నోట్లతో ఆ వారం గడిచింది, ఆ తర్వాత ఖర్చులకి డిపాజిట్ ఒకటి తీశాం. మా పక్కింటాయన దగ్గర ఏమీ లేక, రేకులు వేయించుకోవడానికి నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఏడాదికి లెక్క వేస్తే అది 60 శాతం. రేకులు వారంలో వేయించారు, అప్పు తీర్చడానికి మాత్రం మూడేళ్లు పట్టింది. ఆ ఇంటిని చూశాక, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టకుండా ఇంకో పెట్టుబడి మాట ఎత్తితే నేను ఒప్పుకోను. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ల దగ్గరైతే అసలు ఒప్పుకోను.

మీ ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 46,000. ఆరు నెలలకి 2,76,000. ఉన్న 70,000 పోను ఇంకా 2,06,000 కావాలి. మిగిలే 12,000లో 1,500 టర్మ్ పాలసీకి (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే బీమాకి) తీసిపెట్టండి. మిగతా 10,500 ప్రతి నెలా జీతం పడ్డ మర్నాడే వేరే బ్యాంకులోని ఖాతాకి వెళ్లిపోవాలి. సుమారు ఇరవై నెలల్లో నిధి పూర్తవుతుంది. ఆ ఖాతా డెబిట్ కార్డు మీ పర్సులో పెట్టుకోవద్దు, ఫోన్‌లో యూపీఐకి కలపొద్దు. పది పదిహేను వేలు మాత్రం ఇంట్లో నోట్లుగా ఉంచండి. ఫ్రిజ్ పాడైతేనో, పెళ్లి చదివింపులకనో ఈ నిధిని ముట్టుకోకూడదు.

టర్మ్ పాలసీ కోటి రూపాయలకు తీసుకోండి. కంపెనీ ఇచ్చిన కవర్ ఉద్యోగం ఉన్నంత వరకే. పరవాడలో ఉద్యోగం మారితే మీ భార్యకి, ఇద్దరు పిల్లలకి, ఇంటి లోన్‌కి ఏ రక్షణా ఉండదు. మెడికల్ టెస్టులు చేయించే పాలసీయే ఎంచుకోండి, ఏ వివరమూ దాచకండి.

పాపకి సుకన్య సమృద్ధి ఖాతా లేకపోతే ఏడాదికి 250తో తెరిచి ఉంచండి, పదేళ్లు నిండితే తెరవనివ్వరు. బాబు చదువుకి ఇండెక్స్ ఫండ్ సిప్ (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెట్టేది అత్యవసర నిధి నిండాకే. ఇరవై నెలలు ఆలస్యమైతే వాడి చదువుకేమీ నష్టం రాదు.

టోకెన్ 10,000 వెనక్కివ్వమని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. పది వేలు పోతాయని ఆరున్నర లక్షల అప్పులోకి దిగకండి.

బాబుకి అన్నప్రాశన ఇంకో నాలుగు నెలల్లో ఉంటుంది కదా. ఇప్పుడే మొదలుపెడితే ఆ రోజుకి నిధిలో 1,12,000 ఉంటాయి. అదే రోజు వాడి మొక్క నాటండి. నర్సరీలో కొన్ని వందలకి మంచి సంపెంగో, సపోటా అంటో దొరుకుతుంది. ప్రహరీకి, సెప్టిక్ ట్యాంకుకి పది పన్నెండు అడుగుల దూరం వదలండి. పాప మామిడి నీడ పడని చోట గొయ్యి తవ్వించండి. గట్టి కర్ర ఊతం కట్టండి, అక్టోబరు గాలులకి లేత మొక్క నిలబడాలి.