డాక్టర్ సలహా: రంగు సంగతి తర్వాత, ముందు ఇద్దరూ హెచ్‌పీఎల్‌సీ టెస్ట్ చేయించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 32 ఏళ్లు, రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా పెద్దక్క కూతుర్నే చేసుకున్నాను, తనకి 24. ఇప్పుడు తొమ్మిదో వారం. నేను బాగా నలుపండి, పొట్టి కూడా, మా ఆవిడ తెలుపు. పుట్టే బిడ్డకి ఎవరి రంగు, ఎవరి ఎత్తు వస్తాయి? కుంకుమపువ్వు పాలు తాగితే ఏమైనా ఉపయోగం ఉంటుందా? మేనరికం కాబట్టి మెల్లకన్ను, చెవుడు వస్తాయని కొందరు భయపెడుతున్నారు, నిజమేనా? మా ఆవిడకి చిన్నప్పటి నుంచీ రక్తం తక్కువే, ఐరన్ టానిక్కులు ఎన్ని తాగినా 10 దగ్గరే ఉంటోంది, మొన్న మా ఊరి ఆర్ఎంపీ గారు రక్తం పట్టే ఇంజెక్షన్లు మూడు చేశారు, ఇంకో రెండు ఉన్నాయి. రిపోర్ట్ జత చేశాను. మా అక్కకి మొదట పుట్టిన బాబు రెండేళ్ల లోపే పోయాడు, పాలిపోయి పొట్ట ఉబ్బి ఉండేవాడు, చాలాసార్లు రక్తం ఎక్కించారు. అక్కా బావలదీ మేనరికమే. మూడో నెల దాటాక మంచిరోజు చూసి స్కానింగ్‌కి వెళ్లమంటోంది అక్క, అలాగే వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లకూడదండి. అంటే స్కానింగ్‌కి వెళ్లొద్దని కాదు, మూడో నెల దాటేదాకా ఆగొద్దు. మీరు మెయిల్ పెట్టి అప్పుడే వారం అయిపోయింది, ఇది చదివేసరికి పదో వారం నడుస్తూ ఉంటుంది. మీరు రంగు గురించి నాలుగు లైన్లు రాసి, చివర్లో మాటవరసకి అన్నట్టు ఆ బాబు సంగతి రాశారు, నాకు మాత్రం అక్కడే కళ్లు ఆగిపోయాయి. రెండేళ్ల లోపు పిల్లాడు పాలిపోయి, పొట్ట ఉబ్బి, మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించాల్సి వచ్చిందంటే మేము మొట్టమొదట అనుమానపడేది థలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని, పుట్టుకతో వచ్చే జబ్బు. అదే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, ఆ లక్షణాలు వేరే జబ్బుల్లోనూ ఉంటాయి, అప్పటి కాగితాలు ఉంటే తీయండి. కానీ అనుమానం బలంగా ఉంది, అది తేల్చుకోవడానికి టైమ్ తక్కువ ఉంది.

రిపోర్ట్ చూశాను. హిమోగ్లోబిన్ 10.1, ఎంసీవీ (ఒక్కో ఎర్రకణం సైజు) 63, ఎంసీహెచ్ (ఒక్కో కణంలో ఉన్న హిమోగ్లోబిన్) 19, ఆర్‌బీసీ కౌంట్ (ఎర్రకణాల సంఖ్య) 53 లక్షలు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఐరన్ లేక రక్తం తగ్గితే మామూలుగా ఎర్రకణాల సంఖ్య కూడా తగ్గుతుంది. మీ ఆవిడకి కణాలు చాలినన్ని ఉన్నాయి, కాకపోతే ఒక్కో కణం చాలా చిన్నగా ఉంది. ఎంసీవీని ఆర్‌బీసీ కౌంట్‌తో భాగించి చూస్తాం మేము (కౌంట్‌ని పది లక్షల్లో, అంటే 5.3 అని తీసుకోవాలి), 13 కంటే తక్కువొస్తే థలసీమియా క్యారియర్ (జబ్బు లేకుండా, లోపమున్న జీన్‌ని మోసే మనిషి) అయ్యుండొచ్చని లెక్క, ఈ అమ్మాయికి 12 లోపే వస్తోంది. ఇది కేవలం ఒక క్లూ అండి, దీంతోనే ఖాయం చేసేయకూడదు. ఖాయం చేసేది హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష, అందులో హిమోగ్లోబిన్ ఏ2 అని ఒక అంకె ఉంటుంది, అది 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియర్ అంటాం. అమలాపురంలోనో పాలకొల్లులోనో ల్యాబ్‌లో శాంపిల్ ఇస్తే వాళ్లే పెద్ద ల్యాబ్‌కి పంపిస్తారు, పరగడుపున రావాల్సిన పనేం లేదు.

ఇక మీ విషయం. మీరు పంపింది మీ ఆవిడ రిపోర్ట్ ఒక్కటే, మీది లేదు. మా దగ్గరకొచ్చే మగవాళ్లు చాలామంది ఇంతే, భార్యకి పది టెస్టులు చేయిస్తారు, తమకి ఒక్కటి కూడా అక్కర్లేదనుకుంటారు. బాబూ, క్యారియర్ అయిన మనిషికి ఏ జబ్బూ ఉండదు, చెరువు గట్టు మీద పొద్దంతా తిరిగినా అలసట కూడా తెలియదు. టెస్ట్ చేస్తే తప్ప బయటపడదు. ఇక్కడ మీ టెస్టే అసలు కీలకం, ఎందుకో చెప్తాను.

మన శరీరంలో దాదాపు ప్రతి జీన్‌కీ రెండు కాపీలు ఉంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసుని తయారుచేసే జీన్ 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే థలసీమియా లోపంలో ఆ జీన్‌లో ఒకే ఒక్క అక్షరం మారుతుంది, అంతే. ఒక కాపీ చెడి రెండోది బాగుంటే క్యారియర్, మనిషి మామూలుగానే ఉంటాడు. రెండూ చెడితేనే జబ్బు. అంటే మీ అక్క కొడుకుది నిజంగా థలసీమియా అయితే మీ అక్క, మీ బావ ఇద్దరూ క్యారియర్లే, అందులో సందేహం లేదు. వాళ్లకి తర్వాత పుట్టి ఆరోగ్యంగా పెరిగిన అమ్మాయి మీ ఆవిడ, తను క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. మీ అక్కకి ఆ జీన్ మీ అమ్మగారి నుంచో నాన్నగారి నుంచో వచ్చుంటుంది కదా, ఆవిడ తోడబుట్టిన మీకూ వచ్చే అవకాశం సగం. మీరిద్దరూ క్యారియర్లు అయితే బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మీ ఆవిడ రిపోర్ట్ చూశాక తను క్యారియర్ అనే ఎక్కువగా అనిపిస్తోంది కాబట్టి, మీ టెస్ట్ చేయకుండా లెక్కేస్తే ఈ బిడ్డకి ఉన్న రిస్క్ సుమారు ఎనిమిదింట ఒకటి. మీ టెస్ట్ నార్మల్ వస్తే ఆ భయం దాదాపు పూర్తిగా పోతుంది, మీదీ పాజిటివ్ వస్తే నాలుగింట ఒకటి అవుతుంది. ఒక్క రక్త పరీక్షకి ఇంత తేడా ఉంది.

నాలుగింట ఒకటి అంటే మొదటి బిడ్డకి వస్తే తర్వాతి ముగ్గురికీ రాదు అనుకుంటారు చాలామంది. క్రికెట్‌లో ప్రతి మ్యాచ్‌కీ టాస్ కొత్తగా వేసినట్టే, ప్రతి కాన్పుకీ ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి.

స్కానింగ్ మీద నమ్మకం పెట్టుకున్నారు కాబట్టి చెప్తున్నాను, ఎన్‌టీ స్కాన్ (మూడో నెలలో బిడ్డ మెడ వెనక చూసేది), టిఫా స్కాన్ (ఐదో నెలలో అవయవాలు చూసేది) రెండూ చేయించుకోవాల్సినవే, కానీ వాటిలో బీటా థలసీమియా కనపడదు. బిడ్డ పుట్టినప్పుడు కూడా బొద్దుగా, ఎర్రగా, మామూలు బరువుతోనే ఉంటుంది. ఎందుకంటే కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వాడేది వేరే రకం హిమోగ్లోబిన్, దాన్ని గామా అనే ఇంకో జీన్ తయారుచేస్తుంది. పుట్టాక కొన్ని నెలల్లో గామా పని తగ్గిపోయి బీటా జీన్ అందుకోవాలి, అది అందుకోలేకపోయినప్పుడు, అంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్యలో, పిల్ల పాలిపోవడం మొదలవుతుంది. మీ మేనల్లుడు కూడా పుట్టినప్పుడు బాగానే ఉన్నాడా అని మీ అక్కని అడగండి.

కడుపులో ఉండగానే తెలుసుకోవాలంటే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేస్తారు, సీవీఎస్ అంటారు. అది దాటిపోతే 16 వారాలప్పుడు ఉమ్మనీరు తీసి చేస్తారు. రెండిట్లోనూ గర్భం పోయే రిస్క్ కొంచెం ఉంది, అనుభవం ఉన్న చోట చేయిస్తే అది ఒక శాతం లోపే. అయితే దానికంటే ముందు భార్యాభర్తలిద్దరిలో జీన్‌లో ఏ మార్పు ఉందో డీఎన్ఏ టెస్ట్‌లో కనిపెట్టాలి, ఆ రిపోర్ట్‌కే రోజులు పడుతుంది. అందుకే మంచిరోజు అంటే నాకు కంగారు. హెచ్‌పీఎల్‌సీకి మూడు నాలుగు రోజులు, డీఎన్ఏకి ఇంకొన్ని, మధ్యలో ఆదివారాలు, పండగలు, ఇలా చూస్తుండగానే 13 వారాలు దాటిపోతాయి. ఈ సౌకర్యం విశాఖ, విజయవాడ, హైదరాబాద్‌లలో ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డ ఆరోగ్యం చూసే) డాక్టర్ల దగ్గర ఉంటుంది, హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం కూడా ఉంది. ఈ పరీక్షలో ఆడా మగా చెప్పరు, చట్టప్రకారం నేరం, దయచేసి అడగొద్దు. ఒకవేళ బిడ్డకి జబ్బు ఉందని తేలితే ఏం చేయాలన్నది మీ ఇద్దరి నిర్ణయం, అన్నీ వివరంగా మాట్లాడే కౌన్సెలింగ్ ఉంటుంది, నేను ఇక్కడ ఒక ముక్కలో చెప్పే విషయం కాదు. ఇవాళ థలసీమియా పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం, ఒంట్లో పేరుకున్న ఐరన్ తీసే మందులు, కొందరికి ఎముక మజ్జ మార్పిడి ఉన్నాయి, మీ మేనల్లుడి రోజులు కావివి. కానీ ఆ కుటుంబాలు పడే కష్టం దగ్గర్నుంచి చూస్తున్నవాణ్ణి, ముందే తెలిసి ఉండటానికీ తెలియకుండా ఎదురవ్వడానికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడు ఆర్ఎంపీ గారు చేసిన ఐరన్ ఇంజెక్షన్ల సంగతి. మిగిలిన రెండూ వేయించొద్దు. మొదటి మూడు నెలల్లో నరంలోకి ఐరన్ ఇవ్వడం మేము మానుకుంటాం, పైగా రియాక్షన్ వస్తే బీపీ పడిపోతుంది, అప్పుడు ఆక్సిజన్, మందులు, చూసే మనిషి పక్కనే ఉండాలి, ఊళ్లో బల్ల మీద పడుకోబెట్టి ఎక్కించే మందు కాదది. అసలు నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏంటంటే, ఈ అమ్మాయి చిన్నప్పటి నుంచీ టానిక్కులు తాగుతోంది, హిమోగ్లోబిన్ ఎప్పుడూ 10 దగ్గరే ఉంది, ఇన్నేళ్లలో ఒక్కరు కూడా ఎందుకు పెరగట్లేదు అని అడగలేదు. మెడికల్ షాపులో ఒక బ్రాండ్ పనిచేయకపోతే ఇంకో బ్రాండ్ ఇచ్చారు, బీట్‌రూట్ అన్నారు, ఖర్జూరం అన్నారు, బలం ఇంజెక్షన్ అన్నారు. మూడు నెలలు సరిగ్గా ఐరన్ వాడినా రక్తం పెరగకపోతే మందు మార్చడం కాదు, కారణం వెతకాలి. క్యారియర్‌కి ఐరన్ లోపం లేనప్పుడు ఐరన్ ఎంత పోసినా హిమోగ్లోబిన్ పెరగదు, ఏళ్ల తరబడి పోస్తే లివర్‌లో పేరుకోవచ్చు. కోనసీమలో, భీమవరం వైపు, ఎక్కడ చూసినా ఇదే పద్ధతి, రక్తం తక్కువ అనగానే ఐరన్ సీసా, దాని వెనక ఏముందో చూసేవాళ్లు లేరు. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే తాగిస్తారు, నాకు తెలుసు, కానీ ఆ ప్రేమలోనే పదేళ్లు గడిచిపోయాయి చూశారా.

అలాగని ఇది చదివి ఏఎన్ఎం ఇచ్చిన ఐరన్ ఫోలిక్ మాత్రలు పారేయకండి. క్యారియర్‌కి ఐరన్ లోపం కూడా కలిసి ఉండొచ్చు, మన దగ్గర గర్భిణుల్లో అది చాలా మామూలు. సీరమ్ ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్త పరీక్ష) చూసి లోపం ఉంటే ఇస్తాం, లేకపోతే ఆపుతాం, ఆ మాట మీ గైనకాలజిస్ట్ చెప్పాలి. ఇంజెక్షన్లు ఏ తారీఖుల్లో చేశారో రాసి తీసుకెళ్లండి, ఎందుకంటే ఇంజెక్షన్ చేసిన కొన్ని వారాల దాకా ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం బాగా ఉంటే ఏ2 అంకె కూడా కొంచెం తగ్గి కనపడొచ్చు, అందుకని బోర్డర్‌లో వస్తే నార్మల్ అని సంబరపడి ఊరుకోవద్దు. ఫోలిక్ యాసిడ్ మాత్రం తప్పనిసరి, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా లెడర్లీ ల్యాబ్‌లో తన టీమ్‌తో తయారుచేయించిన మందు అది. క్యారియర్ అని తేలితే డోస్ పెంచి ఇస్తారు, ఎంతన్నది మీ డాక్టరే చెప్పాలి.

మీరు అడిగినవాటికి కూడా చెప్పేస్తాను. రంగుని, ఎత్తుని ఒక్క జీన్ నిర్ణయించదు. ఎత్తు మీద ప్రభావం చూపే డీఎన్ఏ తేడాలు 12,000 పైనే ఉన్నాయని 2022లో పెద్ద అధ్యయనం వచ్చింది, తిండి, చిన్నప్పటి జబ్బులు అదనం. కాబట్టి మీలా, తనలా, మధ్యస్తంగా, తాతల్లా, ఎలాగైనా ఉండొచ్చు. కుంకుమపువ్వుకి రంగు మార్చే శక్తి లేదు, పాలు మంచివే, తాగనివ్వండి.

మేనరికం గురించి భయపెట్టేవాళ్లు సగం నిజం చెప్తున్నారు. ఏ జంటకైనా పుట్టుకతో లోపం వచ్చే అవకాశం రెండు మూడు శాతం ఉంటుంది, బావామరదళ్ల పెళ్లిలో అది ఇంచుమించు రెట్టింపు, మేనమామ మేనకోడలు అయితే సగటున పావు వంతు జీన్లు ఒకటే కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. అయినా చాలామంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. పుట్టుచెవుడులో కొన్ని రకాలు ఇలాగే రెండు కాపీలూ చెడితే వస్తాయి, అందుకని బిడ్డ పుట్టాక డిశ్చార్జ్ అయ్యేలోపు వినికిడి పరీక్ష చేయించండి, కళ్లు కూడా చూపించండి. ఈ పెళ్లి అయిపోయింది, దాని గురించి ఇప్పుడు ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనకూడదు. చెడు జీన్ ఆడవాళ్ల వైపు నుంచే వస్తుందని మన ఇళ్లల్లో ఒక మాట ఉంది, థలసీమియా విషయంలో అది అబద్ధం, ఇద్దరి దగ్గరా ఉంటేనే జబ్బు.

రేపు పొద్దున్నే మీరిద్దరూ వెళ్లి సీబీసీ (రక్తకణాల లెక్క చూసే టెస్ట్), హెచ్‌పీఎల్‌సీ, ఫెరిటిన్‌కి రక్తం ఇవ్వండి, ఒకరిది వచ్చాక ఇంకొకరిది అని ఆగొద్దు. వీలైతే అదే రోజు మీ అక్కనీ బావనీ కూడా తీసుకెళ్లి హెచ్‌పీఎల్‌సీ చేయించండి, వాళ్లిద్దరిలో కనిపిస్తే ఆ బాబు జబ్బు మీద అనుమానం దాదాపు తీరిపోతుంది, డీఎన్ఏ చూసే ల్యాబ్‌కీ పని తేలికవుతుంది. మీ ఆవిడకి పెళ్లికాని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే సంబంధాలు చూడకముందే వాళ్లకీ చేయించాలి. నేను పేషెంట్‌ని చూడకుండా కాగితం చూసి రాస్తున్నాను, మందు మొదలుపెట్టడం, ఆపడం మీ డాక్టర్‌ని అడిగే చేయండి. ఈలోగా తనకి ఆయాసం, గుండె దడ, జ్వరం, బ్లీడింగ్ ఏది కనిపించినా రిపోర్టుల కోసం చూడకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. నలుగురి రిపోర్టులూ వచ్చాక ఇదే మెయిల్‌కి పంపండి, అయితే నా జవాబు వచ్చేదాకా ఆగొద్దు, ఇద్దరిదీ పాజిటివ్ అని కనపడితే అదే రోజు ఫీటల్ మెడిసిన్ డాక్టర్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి.