వెరికోసిల్ ఆపరేషన్ చేయించుకుంటే కౌంట్ పెరుగుతుందా?

బ్రదర్, ఎడమవైపు గ్రేడ్ 3 వెరికోసిల్ (వృషణాల సంచిలో నరాలు ఉబ్బడం, గ్రేడ్ 3 అంటే పైకి కనిపించేంత పెద్దది), వీర్యకణాల కౌంట్ మిల్లీలీటర్‌కి 8 మిలియన్, ఒక డాక్టర్ ఆపరేషన్ అంటే ఇంకొకరు నేరుగా ఐవీఎఫ్‌కి (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) పొమ్మంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు కదా. నాదీ దాదాపు ఇదే కేసు. మాది హన్మకొండ, ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం.

కౌంట్ పెరుగుతుంది, కానీ అందరికీ కాదు. పదిమందిలో ఆరేడుగురికి రిపోర్ట్ మెరుగవుతుంది, గర్భం నిలిచేది అంతకన్నా తక్కువమందికే. నాకు కౌంట్ 7 నుంచి 19 మిలియన్‌కి వచ్చింది, మోటిలిటీ (కణాల కదలిక) కూడా బాగానే పెరిగింది, మార్ఫాలజీ (కణాల ఆకారం) మాత్రం ఉన్నచోటే ఉంది.

వృషణాలు ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని సరిగ్గా జరుగుతుంది. ఉబ్బిన నరాల్లో రక్తం నిలిచిపోయి ఆ వేడి తగ్గదు, వీర్యకణాల లోపలి డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది. ఆపరేషన్‌లో ఆ నరాలను కట్టేస్తారు. కాకపోతే ఒక వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది, అంటే నెల తిరగకముందే టెస్ట్ చేయించి "ఏం మారలే" అని టెన్షన్ పడటం దండగ. మూడు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఇంకొకటి చేయించండి, ప్రతిసారీ రెండు నుంచి ఏడు రోజులు వీర్యం బయటికి పోకుండా ఉన్నాకే. ల్యాబ్‌లో శాంపిల్ ఇచ్చే గది ముందు క్యూలో కూర్చోవడం, కౌంటర్ అమ్మాయి అందరి ముందూ పేరు పెట్టి పిలవడం నా వల్ల కాలేదు. ల్యాబ్ వాళ్లనే అడిగి, శాంపిల్ ఇంట్లోనే తీసి, చల్లబడకుండా డబ్బా బనీను లోపల పెట్టుకుని గంటలోపు అందించేవాణ్ని. చలికాలం అయితే ఈ జాగ్రత్త తప్పదు.

మైక్రోస్కోప్ పెట్టి చేసే పద్ధతి అడగండి, వెరికోసిల్ మళ్లీ రావడం, వృషణం చుట్టూ నీరు చేరడం అందులో తక్కువ. తర్వాత కొన్ని వారాలు బస్తా ఎత్తనివ్వలేదు, మార్కెట్లో అందరికీ హెర్నియా అని చెప్పాను, ఎవరికెందుకు మన సంగతి! చేత్తో తాకితే తెలియకుండా స్కాన్‌లో మాత్రమే కనిపించే వెరికోసిల్‌కి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. మీది గ్రేడ్ 3 కాబట్టి మొదటి డాక్టర్ మాటలో అర్థముంది. కౌంట్ పెంచే పౌడర్లకు మాత్రం డబ్బు తగలేయకండి.

మా ఆవిడకు అప్పుడు 26, టెస్టులన్నీ నార్మల్, అందుకే ఆగగలిగాం, గర్భం మామూలుగానే నిలిచింది. మీ ఆవిడ వయసు, ఆమె రిపోర్టులు మీరు రాయలేదు. 35 దాటితే ఏడాది ఆగడం కష్టం, అప్పుడు ఐవీఎఫ్ అన్న డాక్టరే రైట్ కావచ్చు. ముందు ఆ వివరాలు పెట్టండి.