వేసవి సరదాలు, ఒక్కరి కార్డు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. సొంతూరు కాకినాడ. హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తున్నాను. నెలకు రూ.62,000 చేతికొస్తుంది. భోజనంతో కలిపి హాస్టల్‌కు రూ.13,000, ఇంటికి రూ.12,000, సిప్‌లకు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే వాయిదాలకు) రూ.8,000, ఫోనుకూ ఆఫీసు రాకపోకలకూ రూ.4,000 పోతాయి. అత్యవసరాలకు రూ.40,000 దాచాను. మేం ఆరుగురం స్నేహితులం. వేసవి వస్తే ఒక్క వారాంతం కూడా ఖాళీగా ఉండం. పోయిన ఏడాది మే నెల క్రెడిట్ కార్డు బిల్లు రూ.48,600 వచ్చింది. నెలనెలా బ్యాంకు అడిగే కనీస మొత్తం మాత్రమే కడుతూ వచ్చాను. అక్టోబరులో బోనస్ వస్తే గానీ తీరలేదు. ఈసారి మాలో ఒకమ్మాయి జులైలో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళుతోంది. అందరం కలిసి గడిపే ఆఖరి వేసవి ఇదే కావచ్చు. క్రికెట్ మ్యాచ్, అరకు ప్రయాణం, రెండు పెళ్లిళ్లు, వీడ్కోలు విందు... అన్నీ కలిపి రూ.60,000 అవుతుందేమోనని భయంగా ఉంది. మూడు నెలలు సిప్‌లు ఆపేయనా? లేక వాళ్లతో తిరగడమే మానేయనా?

జవాబు: మానేయకండి. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది మీరు నెమ్మదిగా చదువుతారు.

ఉత్తరంతో పాటు మీరు పంపిన కార్డు స్టేట్‌మెంటును పెన్సిలు పట్టుకుని కూర్చుని చదివాను. మీరు జల్సా చేసి అప్పుల పాలైనట్టు రాశారు గానీ, కాగితం వేరే కథ చెబుతోంది. వికారాబాద్ దగ్గరి రిసార్టుకు రూ.21,000. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ టికెట్లు ఆరింటికి రూ.12,600. ఈ రెండూ ఆరుగురివి, కానీ గీసింది మీ కార్డు. రిసార్టులో మీ వాటా రూ.3,500, టికెట్ రూ.2,100, వెరసి రూ.5,600. పెళ్లికి కొన్న చీర రూ.6,200, క్యాబ్‌లు రూ.3,700, బయట తిండి రూ.5,100 కూడా కలిపితే మీరు నిజంగా ఖర్చు పెట్టింది రూ.20,600. మిగిలిన రూ.28,000 మీ స్నేహితులది.

మరి వాళ్లు ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. నలుగురు పూర్తిగా చెల్లించారని మీరే రాశారు. అంటే రూ.22,400 మీ ఖాతాలోకి వచ్చింది. ఎలా వచ్చిందో బ్యాంకు పాస్‌బుక్కులో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒకరు మే 9న రూ.2,100, మరొకరు పదిహేను రోజుల తర్వాత రూ.3,500, ఇంకొకరు జీతం పడ్డాక రూ.5,600. చిల్లరగా, ఐదు వారాల పాటు వచ్చింది. వచ్చిందల్లా జీతం ఉన్న ఖాతాలోనే పడింది. అందులో కలిశాక అది కార్డుకు కట్టాల్సిన డబ్బని గుర్తుపట్టే వీలే లేదు. బిల్లు గడువు నాటికి ఖాతాలో అంత మొత్తం లేదు కాబట్టి మీరు రూ.2,430 కనీస మొత్తం కట్టారు.

ఆ తర్వాత జరిగింది చూడండి. మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం. మిగిలిన రూ.46,170 మీద నెలకు సుమారు రూ.1,616 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.291. అంటే మరుసటి నెల మీరు కట్టిన రెండు వేల చిల్లరలో పంతొమ్మిది వందలు వడ్డీకీ పన్నుకీ పోయాయి, అసలు తగ్గింది ఐదు వందలే. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న వాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నాలుగు నెలల్లో దాదాపు ఏడున్నర వేలు అలా వెళ్లింది. రిసార్టులో, మ్యాచ్‌లో కలిపి మీ వాటా కంటే అది ఎక్కువ!

మీ కార్డుకు రివార్డు పాయింట్లు వస్తాయని అందరూ మీతోనే గీయిస్తారట. ఎంత వచ్చాయో లెక్క చూశాను, ఏడు వందల రూపాయల లోపే.

కాబట్టి ఈ వేసవికి మీరు మార్చుకోవలసింది ముఖ్యంగా ఒక్కటే. డబ్బు ముందు, బుకింగ్ తర్వాత. ఇది అడగడానికి మొహమాటం మీకు. నాకు తెలుసు, నేనూ అలాంటివాణ్ణే. చదువుకునే రోజుల్లో నారాయణగూడలో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇరానీ హోటల్లో ఒన్ బై టూ చాయ్ తాగి, ఎవరు ఎంత ఇచ్చారో గోడకు తగిలించిన క్యాలెండరు వెనక రాసేవాళ్లం. ఆ లెక్క అందరి కళ్లెదుటా ఉండేది కనుక ఎవరూ ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఆ క్యాలెండరు పని మీ వాట్సాప్ గ్రూపు చేయాలి. అరకు ప్రయాణానికి ఇలా ఒక్క సందేశం పెట్టండి: "రైలు, బసకు తలా రూ.6,000. ఆదివారం రాత్రిలోగా పంపండి. సోమవారం పొద్దున్నే టికెట్లు తీస్తున్నాను. అప్పటికి ఎవరి డబ్బు వస్తే వాళ్ల పేర్లే పెడతాను." ఇందులో ఎవరినీ నొప్పించే మాట లేదు.

సోమవారం అని ఊరికే అనలేదు. మీరు మే 22 శుక్రవారం బయల్దేరాలనుకుంటున్నారు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది. 2024 నవంబరుకు ముందు 120 రోజులు ఉండేది. ఆ లెక్కన మే 22 ప్రయాణానికి బుకింగ్ మొదలయ్యేది మార్చి 23న, అంటే ఉగాది వెళ్లిన సోమవారం. ఒక టికెట్ మీద ఆరుగురి పేర్లు పెట్టవచ్చు, మీరు సరిగ్గా ఆరుగురు. ఆ ఉదయం జారవిడిస్తే మే నెల శుక్రవారం రాత్రి విశాఖ వెళ్లే ప్రైవేటు బస్సు ఎంత అడుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. విశాఖ నుంచి అరకుకు వెళ్లే కిరండోల్ రైలుకు కూడా అప్పుడే చూసుకోండి. సొరంగాల మధ్య నుంచి వెళ్లే ఆ దారి కోసమే సగం మంది అరకు వెళతారు. అక్కడ కారు మాట్లాడుకుని డబ్బు పోయడం ఎందుకు?

ఇక మీ అరవై వేల భయం. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, "ఊరికే అనిపించింది" అన్నారు. మీరు చెప్పినవే ఒక్కొక్కటిగా వేశాను. అరకు మొత్తం ఖర్చు రూ.9,500. మ్యాచ్ రూ.2,500. పెళ్లిళ్లకు చదివింపులు రూ.4,000, జాకెట్టు కుట్టుకూలి రూ.2,000. వీడ్కోలు విందు రూ.3,000. పదమూడు వారాంతాలకు వారానికి వెయ్యి చొప్పున రూ.13,000. మొత్తం రూ.34,000. మనం మరచిపోయినవి ఉంటాయి కనుక ఇంకో రూ.5,000 వేసుకుందాం. అప్పుడు మూడు నెలలకు రూ.39,000, నెలకు రూ.13,000. అన్ని ఖర్చులూ సిప్‌లూ పోగా నెలకు మీకు మిగిలేది రూ.25,000. అందులో పదమూడు వేలు వేసవికి పోయినా ఇంకో పన్నెండు వేలు ఉంటుంది. ఐదు వేలు అత్యవసర నిధికి పంపినా ఏడు వేలు చేతిలోనే.

రెండు మూడు చోట్ల అంకెలు ఎందుకు అలా వేశానో చెబుతాను. మ్యాచ్ టికెట్ పోయినసారి కంటే పెంచి వేశాను. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. వెయ్యి రూపాయల టికెట్ ఒకప్పుడు రూ.1,280 అయ్యేది, ఇప్పుడు రూ.1,400. పెళ్లిళ్లలో చీర లెక్క వేయలేదు. పోయిన ఏడాది ఆరు వేలు పెట్టి కొన్నది ఒక్కసారే కట్టానని మీరే అన్నారు. ఆ పెళ్లికి వచ్చినవాళ్లు ఈ పెళ్లికి వస్తారా? ఇంకో మంచి విషయం, ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఆ నెలలో ముహూర్తాలు ఉండవు. మీ రెండు పెళ్లిళ్లలో ఒకటి మే మొదటి వారంలో, మరొకటి జూన్ నెలాఖరులో పడ్డాయి. అరకు మధ్యలో వచ్చింది. పంచాంగమే మీ బడ్జెట్‌ను మూడు నెలలకు పంచి పెట్టింది.

నెలకు పదమూడు వేలు జీతం ఖాతాలోనే ఉంచితే పోయిన ఏడాది కథే మళ్లీ. మీకు వాడని రెండో బ్యాంకు ఖాతా ఉందన్నారు. ఏప్రిల్ ఒకటిన అందులోకి రూ.13,000 పంపి, యూపీఐకి దాన్నే జత చేసుకోండి. స్నేహితులకు సంబంధించిన ప్రతి రూపాయీ రావడమూ పోవడమూ అందులోనే. కార్డు హాస్టల్ అలమరలో ఉండనివ్వండి. తీయక తప్పకపోతే, బ్యాంకు యాప్‌లో ఆటో పేమెంటును కనీస మొత్తం నుంచి పూర్తి బకాయికి మార్చండి. మీది ఇప్పటికీ కనీస మొత్తం మీదే ఉంది. ఇది చదవడం ఆపి ఆ పని చేసి రండి.

క్యాబ్‌ల దగ్గర మిమ్మల్ని పొదుపు చేయమనను. రాత్రి మెట్రో దాటిపోయాక జూబ్లీహిల్స్ నుంచి హాస్టల్‌కు రావాలంటే క్యాబ్ ఎక్కాల్సిందే, అందులో బేరాలు వద్దు. కానీ దాన్ని విందు ఖర్చులో భాగంగా ముందే కలపండి. విందు ఆరు వందలు, తిరుగు ప్రయాణం మూడు వందలు అయితే అది తొమ్మిది వందల విందు. వెళ్లేటప్పుడు మాత్రం మెట్రో ఎక్కండి. మీ ఆధార్‌లో కాకినాడ చిరునామాయే ఉంది కనుక తెలంగాణ మహిళలకు సిటీ బస్సుల్లో ఇస్తున్న ఉచిత ప్రయాణం మీకు అందడం లేదు. ఎలాగూ ఇక్కడే ఉంటున్నారు, చిరునామా మార్చుకునే విషయం ఆలోచించండి.

హోటల్ బిల్లు ఒకటి జత చేశారు, అది చూస్తే నాకు చిరాకేసింది. ఆరుగురి తిండి రూ.5,400. దాని కింద పది శాతం సర్వీస్ చార్జీ రూ.540. రెండింటి మీదా ఐదు శాతం జీఎస్టీ రూ.297. మొత్తం రూ.6,237. ఆ సర్వీస్ చార్జీ పన్ను కాదు, ప్రభుత్వానికి చేరదు. బిల్లులో దాన్ని తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని నెమ్మదిగా అడగండి. కుదరదంటే 1915కు ఫోను చేస్తామనండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తీసేస్తే మీ బిల్లు రూ.5,670. మిగిలిన రూ.567లో వందో రెండొందలో వడ్డించిన కుర్రాడి చేతిలో పెడితే అతనికి నిజంగా అందుతుంది.

మీరు మాంసాహారం తినరట, అయినా బిల్లు ఆరు సమాన భాగాలే. ప్రతిసారీ దీన్ని పట్టించుకోమనను. నూటయాభై రూపాయల తేడా కోసం బల్ల దగ్గర లెక్కలు తీస్తే విందు రుచి పోతుంది. తేడా ఐదు వందలు దాటిన రోజు మాత్రం నోరు విప్పండి.

సిప్‌ల సంగతి. పై లెక్క ప్రకారం ఆపాల్సిన అవసరం లేదు. కానీ అన్నీ తలకిందులై జూన్‌లో కార్డు బిల్లు పూర్తిగా కట్టలేని పరిస్థితి వస్తే, ఆ నెల సిప్ ఆపి బిల్లు కట్టండి, ఏ అపరాధ భావమూ వద్దు. డబ్బు సలహాలిచ్చే మా వృత్తిలో చాలామంది సిప్ ఆపడం మహాపాపమన్నట్టు మాట్లాడతారు. ఏడాదికి 42 శాతం వడ్డీ పడే బాకీ పక్కన పెట్టుకుని, పన్నెండు శాతం రావచ్చుననే ఆశతో ఫండ్‌లో వేయడం నాకు అర్థం కాదు. చాలా ఫండ్ సంస్థలు సిప్‌ను కొద్ది నెలలు నిలిపి ఉంచే వీలు కల్పిస్తున్నాయి. వాయిదా తేదీకి కొన్ని రోజుల ముందే చెప్పుకోవాలి. ఏమీ చెప్పకుండా ఖాతా ఖాళీ చేస్తే మాత్రం బ్యాంకు జరిమానా వేస్తుంది.

వచ్చే ఏడాదికి జులై నుంచే నెలకు రూ.3,000తో పది నెలల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. మే మండుటెండలకు ముప్ఫై వేల పైచిలుకు సిద్ధంగా ఉంటుంది.

ఇక ఆ ఐదో వ్యక్తి. పోయిన ఏడాది రూ.5,600 ఇవ్వనిది అమెరికా వెళుతున్న అమ్మాయేనని చివర్లో చిన్న అక్షరాలతో రాశారు. అడగాలా వద్దా అని నిద్రపట్టడం లేదన్నారు. గ్రూపులో అడగవద్దు. చాయ్‌కు పిలిచి, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి, అదీ ఏప్రిల్‌లోనే. జూన్ వచ్చేసరికి ఆమె వీసా, టికెట్, సామాన్ల హడావుడిలో ఉంటుంది. ఆమె దగ్గర నిజంగా లేదని మీకు తోస్తే, అదే మీరిచ్చే వీడ్కోలు కానుక అనుకుని పాస్‌బుక్కులో ఆ అంకె పక్కన గీత కొట్టేయండి. అలా చేస్తే ఇంకో కానుక కొనకండి. విమానాశ్రయానికి వెళ్లి సూట్‌కేసు పట్టుకుని సాయం చేయండి, చాలు.