రక్తం పలచబరిచే మందు వాడుతుండగా విరేచనం నల్లగా అవుతోందా?

ప్రశ్న: నాన్నగారికి 66 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం గుండెకు మెటల్ వాల్వ్ వేశారు. అప్పటి నుంచి రక్తం పలచబరిచే అసిట్రోమ్ వాడుతున్నారు. మోకాళ్ల నొప్పులకు పది రోజులుగా మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నారు. మూడు రోజులుగా విరేచనం నల్లగా అవుతోంది, నీరసంగా ఉన్నారు. గోంగూర మానేయాలా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు గోంగూర గురించి అడిగారు కానీ, నాకు ఆందోళన కలిగిస్తున్నది ఆ నల్లటి విరేచనం. జీర్ణాశయంలోనో, చిన్నపేగు మొదటి భాగంలోనో కారిన రక్తం కిందికి వచ్చేసరికి తారులా నల్లగా, జిగటగా, తీవ్రమైన దుర్వాసనతో ఉంటుంది. ఐరన్ మాత్రలు వేసుకునేవారికీ నల్లగానే అవుతుంది కాబట్టి, పరీక్షించకుండా ఇది రక్తస్రావమేనని నేను చెప్పలేను. అయితే నీరసం కూడా తోడైంది కనుక, కాదని తేలేవరకు రక్తస్రావంగానే భావించాలి. మూడు రోజులు ఇంట్లో ఎందుకు ఉంచారు? ఇది చదివిన వెంటనే గుంటూరు పెద్దాసుపత్రికో, ఎండోస్కోపీ సదుపాయమున్న మరో ఆసుపత్రికో తీసుకెళ్లండి. కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా, రక్తపు వాంతి అయినా 108కి ఫోన్ చేయండి.

ఆ నొప్పి మాత్రలు ఇక వేయవద్దు. షీటు నుంచి కత్తిరించి ఇచ్చిన నాలుగు మాత్రల మీద చాలాసార్లు మందు పేరు కూడా కనిపించదు. అది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటిదైతే జీర్ణాశయపు పొరను పుండు చేస్తుంది. అదే సమయంలో అసిట్రోమ్ ఆ పుండు నుంచి కారే రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. రక్తం పలచబరిచే మందు వాడుతున్నట్లు షాపులో చెప్పారా? చెప్పకుండా ఏ మాత్రా కొనకూడదు. నొప్పికి కండలో ఇంజెక్షన్ చేయించడమూ ప్రమాదమే, అక్కడ రక్తం చేరి గడ్డ కడుతుంది.

భయపడి అసిట్రోమ్‌ను మీ అంతట మీరు ఆపేయకండి. మెటల్ వాల్వ్ మీద రక్తం గడ్డకడితే పక్షవాతం రావచ్చు. ఆపడమా, తగ్గించడమా అన్నది ఐ.ఎన్.ఆర్. (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో తెలిపే రక్తపరీక్ష), హిమోగ్లోబిన్ చూశాక డాక్టర్లు నిర్ణయిస్తారు. వాల్వ్ ఏ స్థానంలో ఉందనే దాన్ని బట్టి ఐ.ఎన్.ఆర్. సాధారణంగా 2 నుంచి 3, లేదా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. చివరిసారి ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు.

ఇక గోంగూర. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు పనిని తగ్గిస్తుందే తప్ప రక్తస్రావాన్ని పెంచదు. మానేయనక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మిగిలిన ఆ మాత్రల ముక్కను, పాత ఐ.ఎన్.ఆర్. కాగితాలను వెంట తీసుకెళ్లండి.